ఢిల్లీనా, విశాఖా, బెంగళూరా, చెన్నైయా? యుద్ధ స్మారకాలు చూడాలనుకునే తిరుపతి, చిత్తూరు వాళ్ళకు

"పిల్లలకు యుద్ధ స్మారకం, మిలిటరీ మ్యూజియం చూపించాలనుకుంటున్నాం, ఎక్కడికెళ్తే బాగుంటుంది?" అని అడిగేవాళ్ళలో చాలామంది సమాధానం కూడా వాళ్ళే చెప్పేస్తారు: ఢిల్లీ. టీవీలో చూసిందదే కాబట్టి. తిరుపతి నుంచి ఢిల్లీ అంటే రైల్లో దాదాపు ఒకటిన్నర రోజు. అంత దూరం తీసుకెళ్ళాక తొమ్మిదేళ్ళ పిల్లాడు అరగంటకే "ఇక్కడ ట్యాంకులు లేవా?" అని మొహం ముడుచుకుంటే తప్పు వాడిది కాదు. స్మారకం దగ్గర చూడాల్సింది పేర్లు, మ్యూజియంలో చూడాల్సింది వస్తువులు. ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం పేర్ల చోటు. ట్యాంకులూ విమానాలూ ఆశించి వెళ్తే నిరాశ తప్పదు.

అందుకే ఏ ఊరు అని ఆలోచించేముందు, ఎవరిని తీసుకెళ్తున్నారో చూసుకోండి. నా లెక్క ఇదీ: బడికెళ్ళే పిల్లలుంటే విశాఖ. ఒక్కరోజులో వెళ్ళి రావాలంటే చిత్తూరు, పలమనేరు, కుప్పం వైపు వాళ్ళకు బెంగళూరు. తిరుపతి, పుత్తూరు, నగరి వైపు వాళ్ళకు చెన్నై. ఇంట్లోనో బంధువుల్లోనో సైన్యంలో ప్రాణం వదిలినవాళ్ళుంటే మాత్రం ఢిల్లీ. ఈ చివరిదాంట్లో బేరం లేదు.

విశాఖ: డబ్బుకు తగ్గట్టు చూపించే ఊరు

ఆర్కే బీచ్ రోడ్డు మీద ఒక కిలోమీటరు లోపే ఒక స్మారకం, ఒక సబ్‌మెరైన్, ఒక యుద్ధ విమానం దొరకడం మన రాష్ట్రంలో ఇంకెక్కడా లేదు. తిరుపతి నుంచి ఒక రాత్రి రైలు ప్రయాణం. పొద్దున దిగి, టిఫిన్ తిని, సాయంత్రం లోపల అన్నీ చూసేయొచ్చు.

కుర్సురా సబ్‌మెరైన్ గురించి వినే ఉంటారు. సోవియట్ యూనియన్‌లో తయారై, 1969 డిసెంబర్‌లో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధ సమయంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 2001లో రిటైరయ్యాక ఒడ్డుకు లాగి, 2002లో జనానికి తెరిచారు. పొడవు 91 మీటర్లు. బయటి నుంచి చూస్తే ఇంత పొడవుందే అనిపిస్తుంది కానీ లోపలికి అడుగుపెట్టగానే చోటంతా ఏమైపోయిందని వెతుక్కుంటాం. నెత్తి మీద పైపులు, పక్కన పైపులు, చేయి పెట్టిన చోటల్లా ఒక వాల్వ్ చక్రం. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే గుండ్రటి ఇనుప తలుపులోంచి ముందు ఒక కాలు, తర్వాత తల, ఆ తర్వాత రెండో కాలు పెట్టాలి. పెద్దవాళ్ళు అక్కడ ఆగి ఆలోచిస్తుంటే పిల్లలు ఉడతల్లా అటు దూకేస్తారు. టార్పెడోలు పెట్టే గదిలోనే నిద్రపోయే బెర్తులు ఉంటాయి. సుమారు 75 మంది ఆ గొట్టంలో వారాల తరబడి ఎలా ఉన్నారని పిల్లలు అడగకుండా ఉండరు, మనం చెప్పాల్సిన అవసరం కూడా రాదు. గైడ్లుగా ఉండేది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్ళు. తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్తారు. రద్దీ రోజుల్లో మాత్రం "నడవండి, నడవండి" అని ముందుకు తోసేస్తారు, కాబట్టి ఆదివారం మధ్యాహ్నం మానుకోండి. సోమవారం సెలవు.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను, ఇరుకు గదుల్లో ఊపిరాడనట్టు అనిపించేవాళ్ళను ఆ తలుపుల్లోంచి పంపకండి. వాళ్ళకు రోడ్డుకు అవతలున్న టీయూ-142 విమానం నయం. ఈ విమానానికీ మన వైపుకూ చిన్న చుట్టరికం ఉంది. సముద్రం మీద శత్రు జలాంతర్గాముల కోసం వెతికే ఈ రకం విమానాలు అరక్కోణం నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ రాజాలి నుంచి 2017 మార్చి దాకా ఎగిరాయి. నగరి, తిరుత్తణి ప్రాంతంలో కాస్త వయసున్నవాళ్ళను అడిగి చూడండి, ఆ మోత గుర్తుందంటారు. రెక్కల చివర నుంచి చివరకు 50 మీటర్లు. నాలుగు ఇంజిన్లు, ఒక్కోదానికి రెండేసి ప్రొపెల్లర్లు, అవి రెండూ ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. 29 ఏళ్ళ సర్వీసులో ప్రమాదం లేకుండా 30 వేల గంటలు ఎగిరిన దళం అది. దగ్గర్లోనే సీ హారియర్ యుద్ధ విమానానికి ఒక మ్యూజియం ఉంది. నిలువుగా దిగగలిగే విమానమది, కాలేజీ పిల్లలకు నచ్చుతుంది.

అదే రోడ్డు మీద విక్టరీ ఎట్ సీ స్మారకం, 1971 విజయానికి గుర్తుగా 1996లో కట్టారు. మొదట సబ్‌మెరైన్ చూసి తర్వాత ఇక్కడికి రండి, ఈ వరస ముఖ్యం. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటే వేళకు పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఇదే విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ దాడిలోనే అని మన నౌకాదళం, లోపలే ఏదో పేలిందని వాళ్ళు. ఏదైనా, అందులోని సిబ్బంది ఎవరూ బతకలేదు. కుర్సురా లోపల తిరిగొచ్చిన పిల్లాడికి ఆ మాట అర్థమయ్యే తీరు వేరు. ముందే స్మారకం దగ్గరికి తీసుకెళ్తే అది వాడికి సెల్ఫీ దిగే రాళ్ళగుట్టే.

బెంగళూరు: చిత్తూరు వాళ్ళకు దగ్గరి దారి

చిత్తూరు నుంచి దాదాపు 180 కిలోమీటర్లు. పలమనేరు, ముళబాగల్, కోలార్ మీదుగా బస్సులకు కొదవ లేదు. తిరుపతి నుంచి ఇంకో డెబ్బై కిలోమీటర్లు కలుపుకోండి. ఇక్కడ స్మారకమూ మ్యూజియమూ ఊరికి రెండు చోట్ల ఉన్నాయి, కానీ దారిలోనే పడతాయి. బస్సు మెజెస్టిక్ దాకా వెళ్ళనివ్వకుండా కేఆర్ పురంలో దిగేయండి. అక్కడి నుంచి ఆటోలో విమానపురలోని హెచ్ఏఎల్ (విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ) హెరిటేజ్ సెంటర్‌కు, అంటే దాని మ్యూజియానికి వెళ్ళొచ్చు. అది చూసుకుని మెట్రో పర్పుల్ లైన్‌లో విధానసౌధ స్టేషన్ దాకా వెళ్తే జాతీయ సైనిక స్మారకం దగ్గర్లోనే. మెజెస్టిక్ దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి హెచ్ఏఎల్‌కు వచ్చి, మళ్ళీ ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళు ట్రాఫిక్‌లోనే సగం రోజు పోగొట్టుకుంటారు.

హెచ్ఏఎల్ మ్యూజియం 2001లో తెరిచారు. ఇక్కడ యుద్ధం గురించి తక్కువ, విమానం తయారుచేయడం గురించి ఎక్కువ. మన దేశంలోనే డిజైన్ చేసి తయారుచేసిన మొదటి జెట్ యుద్ధ విమానం మారుత్ ఇక్కడ ఆరుబయట నిలబడి ఉంటుంది. జర్మన్ ఇంజనీర్ కర్ట్ టాంక్ డిజైన్ చేస్తే 1961లో మొదటిసారి ఎగిరింది. శిక్షణ విమానం హెచ్‌టీ-2, మిగ్-21, కాన్‌బెర్రా కూడా ఉన్నాయి. కోసి తెరిచి పెట్టిన ఇంజిన్లు ఉన్నాయి చూడండి, ఇంజనీరింగ్ చదివే పిల్లలు వాటి దగ్గర కదలరు. తిరుపతిలో బీటెక్ చేస్తూ పుస్తకంలో బొమ్మ మాత్రమే చూసిన కుర్రాడికి ఒక్క ఇంజిన్ విప్పి చూపిస్తే చాలు, ఛార్జీలు గిట్టినట్టే. చిన్న పిల్లలకు సిమ్యులేటర్ ఉంది.

స్మారకానికి వస్తే, పార్కు మధ్యలో గ్రానైట్ పలకల మీద స్వాతంత్ర్యం తర్వాత ప్రాణాలు వదిలిన వేలమంది సైనికుల పేర్లు చెక్కి ఉంటాయి. నాకు నచ్చింది మాత్రం అక్కడ నిలబెట్టిన ఏకశిల, వీరగల్లు. 75 అడుగుల ఒంటిరాయి. మన జిల్లా పడమటి పల్లెల్లో చెరువు కట్టల మీద, పొలం గట్ల మీద వీరగల్లులు చూస్తూ పెరిగినవాళ్ళకు దాని సంగతి ఎవరూ వివరించక్కర్లేదు. ఆవుల మందను తోలుకుపోతున్న దొంగలతో పోరాడి పడిపోయినవాడికి ఊరివాళ్ళు నిలబెట్టిన రాయి. కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ, పైన అప్సరసలు వాడిని తీసుకుపోతున్నట్టు ఇంకో బొమ్మ. కొన్నిచోట్ల వాటికి పసుపు రాసి పూజలు కూడా చేస్తున్నారు, ఎవరి రాయో తెలియకపోయినా. వెయ్యేళ్ళ నాటి ఆ పద్ధతినే పట్టుకుని బెంగళూరులో సైనికులకు రాయి నిలబెట్టారు. వెళ్ళేముందు మీ ఊరి వీరగల్లు ఒకటి పిల్లలకు చూపించి తీసుకెళ్ళండి.

ఎదురుగానే నెహ్రూ ప్లానెటోరియం ఉంది, మిగిలిన గంట అక్కడ గడిచిపోతుంది.

చెన్నై: పాత యుద్ధాలు కావాలంటే

ఇక్కడ ఆశలు కాస్త తగ్గించుకోవాలి. మెరీనాకు ఉత్తరం కొసన, నేపియర్ వంతెన దాటగానే కనిపించే విక్టరీ వార్ మెమోరియల్ అందంగా ఉంటుంది, కానీ పావుగంటలో అయిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గెలుపుకు గుర్తుగా కట్టి, తర్వాతి యుద్ధాల్లో పోయినవాళ్ళను కూడా దాంట్లో చేర్చారు.

అసలు చూడాల్సింది ఫోర్ట్ సెయింట్ జార్జి లోపలి కోట మ్యూజియం. పాత తుపాకులు, కత్తులు, ఫిరంగులు, పతకాలు, యూనిఫారాలు. ఈస్టిండియా కంపెనీ కాలం నుంచి మొదలవుతుంది. 1947 ఆగస్టు 15న అదే కోట మీద ఎగరేసిన జాతీయ జెండాను ప్రత్యేకంగా అద్దాల వెనక దాచి ఉంచారు. ఆ రోజు ఎగరేసిన జెండాల్లో ఇలా మిగిలింది అదొక్కటే అంటారు. వెలుతురు పడకుండా ఆ గదిని మసక చీకటిగా ఉంచుతారు కాబట్టి కళ్ళు అలవాటు పడేదాకా ఒక నిమిషం నిలబడండి. రంగు వెలిసి, అక్కడక్కడ చిల్లులు పడి ఉంటుంది.

చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు ఇది మన కథే. 1639లో ఇంగ్లీషువాళ్ళకు ఆ చోటు ఇచ్చింది దామెర్ల నాయకులు, వాళ్ళ మీద ఏలికలు విజయనగర రాజులు. ఆ రాజుల రాజధానుల్లో ఒకటి మన చంద్రగిరి. హైదరాలీ 1782 డిసెంబర్‌లో కన్నుమూసింది చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట శిబిరంలో. ఇంగ్లీషు కంపెనీతో అతని యుద్ధాల జ్ఞాపకాలు ఆ మ్యూజియంలో అడుగడుగునా తగులుతాయి. కోట నుంచి కాస్త నడిచి హైకోర్టు ప్రహరీ దగ్గరికి వెళ్తే ఒక చిన్న ఫలకం ఉంటుంది. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్‌డెన్ మద్రాసు మీద గుండ్లు పేల్చి, చమురు ట్యాంకులు తగలబెట్టి వెళ్ళిపోయింది. ఆ గుండ్లలో ఒకటి పడిన చోటు అది. గట్టి మొండివాళ్ళను తమిళంలో ఇప్పటికీ ఎమ్‌డెన్ అని పిలుస్తారు.

పొద్దున్నే తిరుపతిలో చెన్నై రైలు ఎక్కితే సెంట్రల్‌లో దిగి ఆటోలో పదినిమిషాలు. కోట లోపలే తమిళనాడు సచివాలయం ఉంది, గేటు దగ్గర తనిఖీ గట్టిగా ఉంటుంది, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. శుక్రవారం సెలవు పెట్టుకుని వెళ్ళి తాళం చూసి తిరిగొచ్చేవాళ్ళు తక్కువేం కాదు.

అన్నట్టు, చంద్రగిరి కోటలోనే మ్యూజియం ఉందిగా, ఇంత దూరం ఎందుకు అనే పెద్దమనిషి ప్రతి ఇంట్లో ఒకరు ఉంటారు. రాజమహల్ మ్యూజియం చక్కగా ఉంటుంది, తప్పకుండా చూడండి. కానీ అక్కడ ప్రధానంగా ఉన్నవి శిల్పాలు, కంచు విగ్రహాలు.

ఢిల్లీ: ఒక పేరు కోసం

జాతీయ యుద్ధ స్మారకం 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. ఇండియా గేట్‌కు ఆనుకుని సుమారు 40 ఎకరాలు. డిజైన్ పోటీలో గెలిచింది చెన్నైకి చెందిన ఆర్కిటెక్ట్ యోగేష్ చంద్రహాసన్ బృందం. నేల మీద పెద్ద కట్టడం ఏదీ కనిపించదు, అదే దాని గొప్ప. పక్కనున్న 42 మీటర్ల ఇండియా గేట్‌తో పోటీ పడకుండా నేలకు దిగువన వలయాల్లా తవ్వుకుంటూ వెళ్ళారు. చక్రవ్యూహం ఆకారం. మధ్యలో అమర చక్ర, అందులో 15.5 మీటర్ల స్తంభం, కింద ఆరని జ్యోతి. దాని చుట్టూ వీరతా చక్ర, ఆరు కంచు కుడ్యచిత్రాలు: 1962 నాటి రెజాంగ్ లా, 1971 నాటి లోంగేవాలా, గంగాసాగర్, కరాచీ మీద నౌకాదళం దాడి, అంతకుముందు తిత్వాల్, తర్వాతి సియాచిన్. వెళ్ళేముందు వీటిలో రెండింటి గురించైనా చదువుకుని వెళ్ళండి. లేకపోతే ఆరూ ఒకేలా కనిపిస్తాయి.

మూడోది త్యాగ చక్ర. 16 గోడలు, ఒక్కో సైనికుడికి ఒక్కో గ్రానైట్ పలక, బంగారు రంగు అక్షరాల్లో పేరు. ప్రారంభం నాటికే 25,942 పేర్లు. గోడ పక్కన నడుస్తుంటే మొదట్లో ఏదీ చదవాలనిపించదు, అన్నీ ఇటుకల్లా ఉంటాయి. ఎక్కడో ఒక రెడ్డి, ఒక నాయుడు, ఒక రావు కనిపిస్తుంది, అక్కడ కాళ్ళు ఆగిపోతాయి. ఆ తర్వాత ప్రతి పలకా చదవాల్సిందే.

మన వాళ్ళ పేర్లు వెతుక్కోవాలంటే గోడల వెంట తిరగక్కర్లేదు. కంప్యూటర్ తెరలున్నాయి, పేరు కొడితే ఏ గోడ మీద ఉందో చెప్తాయి. 2020 నవంబర్ 8న కశ్మీర్‌లోని మాచిల్ సెక్టార్‌లో చొరబాటుదారులతో పోరాడుతూ చనిపోయిన హవల్దార్ ప్రవీణ్ కుమార్ రెడ్డిది చిత్తూరు జిల్లా ఐరాల మండలం. అదే రోజు అదే చోట పోయిన ర్యాడ మహేష్‌ది నిజామాబాద్. అప్పట్లో రెండు రాష్ట్రాల పేపర్లలో మొదటి పేజీ వార్తలు. పిల్లలను అక్కడికి తీసుకెళ్తే ఇలాంటి ఒక్క పేరు చెప్పి వెతకమనండి. ట్యాంకులు లేవన్న ఫిర్యాదు మళ్ళీ వినపడదు.

తిరుపతికీ ఈ స్మారకానికీ ఇంకో ముడి ఉంది. 1971 యుద్ధానికి యాభై ఏళ్ళయిన సందర్భంగా ఇక్కడి జ్యోతి నుంచి వెలిగించిన కాగడాలను దేశమంతా తిప్పారు. 2021 ఫిబ్రవరిలో అందులో ఒకటి తిరుపతి వచ్చింది. ఎందుకంటే తూర్పు పాకిస్తాన్ యుద్ధంలో గూర్ఖా బెటాలియన్‌ను నడిపించి మహావీర చక్ర అందుకున్న మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ స్థిరపడింది తిరుపతిలోనే. కొండకు వచ్చే లక్షలమందిలో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎంతమంది ఉంటారు?

సైనికుల కుటుంబాలకు ఒక మాట. సాయంత్రం జెండా దించే వేళ అమరుల కుటుంబసభ్యుల చేత పుష్పగుచ్ఛం పెట్టించే కార్యక్రమం ఉంటుంది. ఆ కుటుంబం మీదైతే ప్రయాణం పెట్టుకునేముందే చిత్తూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. ఊరికే వెళ్ళి జనంలో నిలబడి చూసి రావడానికీ, మీ చేతుల మీదుగా జరగడానికీ ఎంత తేడా ఉంటుందో వేరే చెప్పాలా? కుటుంబం కాకపోయినా సాయంత్రమే వెళ్ళండి. పగలు గ్రానైట్ వేడి కాళ్ళకు తెలుస్తుంది, దీపాలు వెలిగాక పేర్లు బాగా కనిపిస్తాయి. ప్రవేశం ఉచితం. పక్కనే పరమ యోధ స్థల్‌లో పరమవీర చక్ర పొందిన 21 మంది విగ్రహాలున్నాయి, అవి వదలకండి.

పాతికేళ్ళ క్రితం ఢిల్లీ చూసిన పెద్దవాళ్ళు ఇండియా గేట్ కింద అమర జవాన్ జ్యోతి కోసం వెతుకుతారు. 1972 నుంచి అక్కడ వెలిగిన ఆ జ్యోతిని 2022 జనవరి 21న కొత్త స్మారకం జ్యోతిలో కలిపేశారు. దీని మీద వాదోపవాదాలు బాగానే జరిగాయి. నా మటుకు నాకు, ఇండియా గేట్ మీదున్నవి బ్రిటిష్ వాళ్ళ సైన్యంలో పోయినవాళ్ళ పేర్లు, స్వతంత్ర భారత సైనికులకు వేరే చోటు ఉండటమే సబబు అనిపిస్తుంది. కానీ మా పెద్దవాళ్ళు ఇప్పటికీ ఒప్పుకోరు.

మ్యూజియం కూడా కావాలంటే ఢిల్లీలో ఇంకో రోజు పెట్టుకోండి. పాలం దగ్గర వాయుసేన మ్యూజియంలో పాత యుద్ధ విమానాలున్నాయి. ఎర్రకోటలో 2019లో పెట్టిన నేతాజీ, ఆజాద్ హింద్ ఫౌజ్ మ్యూజియం ఉంది. 1945లో ఆ ఫౌజ్ అధికారుల మీద విచారణ జరిగింది ఆ కోటలోనే. ఎర్రకోటకు సోమవారం సెలవు.

ఢిల్లీ ప్రయాణానికి అక్టోబర్ చివర నుంచి మార్చి దాకా మంచిది, అయితే జనవరి రెండో సగం వదిలేయండి. రిపబ్లిక్ డే రిహార్సల్స్‌తో ఇండియా గేట్ చుట్టుపక్కల దారులు మూసేస్తారు, అంత దూరం వెళ్ళి బారికేడ్ల అవతల నుంచి చూడాల్సి వస్తుంది. తిరుపతి నుంచి నిజాముద్దీన్ వెళ్ళే ఏపీ సంపర్క్ క్రాంతి వారంలో కొన్ని రోజులే నడుస్తుంది. ముందు రైలు ఏ రోజు ఉందో చూసుకుని, రిజర్వేషన్ తెరిచిన రోజే టికెట్లు తీసుకోండి. సంక్రాంతి సెలవులకైతే వెయిటింగ్ లిస్టుతో టెన్షన్ పడేకన్నా అదే సెలవుల్లో విశాఖ వెళ్ళి, ఢిల్లీని ఫిబ్రవరికి జరపడం మేలు.